కడుపులో బిడ్డ గుండెకు మన ఊరి గాలి

గర్భిణుల ఆహారం గురించి రెండు నెలల కిందట ఈ శీర్షికలో రాసినప్పుడు, పొగ నుంచి కూడా దూరంగా ఉండాలని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యం మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. తల్లి పీల్చే గాలికి, బిడ్డ గుండెకు ఉన్న సంబంధం గురించి విజయవాడ, గుంటూరు పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఐదింటికి ఈ సంచికలో జవాబులు రాస్తున్నాను. రాసినవారి కోరిక మీద పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గొల్లపూడి. బెంజి సర్కిల్ దగ్గర ఒక బట్టల షాపులో క్యాషియర్‌గా పనిచేస్తున్నాను. రోజూ స్కూటీ మీద వెళ్లి వస్తాను. ఇప్పుడు నాకు పదకొండో వారం. సిగ్నళ్ల దగ్గర లారీల పొగ నేరుగా ముఖానికి కొడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి ముఖం కడుక్కుని తుడుచుకుంటే తువ్వాలు నల్లబడుతోంది. గాలి కాలుష్యం వల్ల పుట్టే పిల్లల గుండెలో చిల్లులు పడతాయని ఫోన్‌లో చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం మానేసి, కాన్పు దాకా అవనిగడ్డ దగ్గర మా పుట్టింట్లో ఉండమని మావారు అంటున్నారు. మానేస్తే ఇల్లు గడవడం కష్టం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, బిడ్డ గుండె ఎప్పుడు తయారవుతుందో తెలిస్తే మీ భయం కొంత తగ్గుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడితే, ఆరో వారం ప్రాంతంలో ఆ గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికి అది ఒక సన్నని గొట్టం మాత్రమే. ఆ గొట్టం మెలిక తిరిగి, మధ్యలో గోడలు లేచి, నాలుగు గదులుగా ఏర్పడి, పైనుంచి రెండు పెద్ద రక్తనాళాలు విడివడే పని పదో వారం నాటికి దాదాపుగా పూర్తవుతుంది. గుండెలో చిల్లు అని మనం అనేది చాలావరకు ఆ గోడలు పూర్తిగా మూసుకోకపోవడమే. మీకు పదకొండో వారం నడుస్తోంది. అంటే ఆ గోడలు కట్టే పని మీ బిడ్డలో ఇప్పటికే ముగింపుకు వచ్చింది. ఈ రోజే మీరు ఉద్యోగం మానేసి అవనిగడ్డ బస్సెక్కినా ఆ ఒక్క విషయంలో మారేది పెద్దగా ఏమీ ఉండదు.

ఇక మీరు చదివినదాంట్లో నిజమెంత? పూర్తిగా కల్పన కాదు. దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టిన పిల్లల వివరాలను పరిశీలించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గర్భం రెండో నెలలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలి పీల్చిన తల్లులకు పుట్టిన పిల్లల్లో గుండె కింది గదుల మధ్య గోడకు చిల్లు ఎక్కువగా కనిపించింది. ఆ తరువాత అనేక దేశాల్లో ఇలాంటి పరిశోధనలు జరిగాయి. కొన్నింటిలో వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్‌కూ కొన్ని రకాల గుండె లోపాలకూ సంబంధం కనిపించింది, కొన్నింటిలో ఏ సంబంధమూ కనిపించలేదు. ఏ వాయువు ఏ లోపానికి కారణమని ఖాయంగా చెప్పే దశకు శాస్త్రం ఇంకా చేరలేదు.

కనిపించిన చోట కూడా ఆ ప్రమాదం ఎంత పెద్దదో చూడాలి. ఎక్కడైనా సరే, వెయ్యి మంది పిల్లలు పుడితే వారిలో సుమారు ఎనిమిది నుంచి పది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వాటిలో చాలా భాగం చిన్నవి. కలుషితమైన గాలి వల్ల ఈ ప్రమాదం నూటికి పది వంతులు పెరిగిందని ఉదాహరణకు అనుకుందాం. అప్పుడు వెయ్యికి తొమ్మిది ఉండాల్సింది పదికి చేరుతుంది. మిగిలిన తొమ్మిది వందల తొంభై మంది పిల్లల గుండెలు బాగానే ఉంటాయి. ఒక్క తల్లి విషయంలో ఇది నిద్ర పోగొట్టుకోవలసినంత తేడా కాదు. ఏటా వేలాది కాన్పులు జరిగే నగరంలో మాత్రం ఆ అదనపు పిల్లలు కళ్లెదుట కనిపిస్తారు. అందుకే ఈ బాధ్యత మీ ఒక్కరి మీద పెట్టుకోవద్దని, నగరం మీద పెట్టాలని నేను అంటాను.

అంతమాత్రాన మిగిలిన నెలల్లో ఎంత పొగ పీల్చినా ఫరవాలేదని అర్థం కాదు. గుండె గోడలు పూర్తయినా, గుండె కండరం, రక్తనాళాలు, మూత్రపిండాలు కాన్పు దాకా పెరుగుతూనే ఉంటాయి. వాటికి కావలసిన ఆక్సిజన్, ఆహారం అంతా మాయ ద్వారానే అందాలి. డీజిల్ పొగలో ఉండే అతి సన్నని మసి రేణువులు, అంటే మనం పీఎం 2.5 అని పిలిచేవి, తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కన్నా సన్నగా ఉంటాయి. వాటిలో మరీ చిన్నవి ఊపిరితిత్తుల్లో ఆగకుండా రక్తంలోకి వెళ్తాయి. 2019లో బెల్జియం శాస్త్రవేత్తలు కాన్పు తరువాత మాయలను పరీక్షించి, బిడ్డ వైపు ఉన్న భాగంలో కూడా మసి రేణువులను గుర్తించారు. 2022లో గర్భస్థ శిశువుల కాలేయం, ఊపిరితిత్తులు, మెదడులో కూడా అవి కనిపించాయని వెల్లడైంది. పైగా గర్భిణి ఒక నిమిషంలో పీల్చే గాలి మామూలు కన్నా నూటికి నలభై వంతుల దాకా పెరుగుతుంది. ఇదే పొగను గర్భం లేనప్పటి కన్నా మీరు ఇప్పుడు ఎక్కువ పీలుస్తున్నారన్నమాట. నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం, తల్లికి బీపీ పెరగడం వంటివి కాలుష్యంతో ముడిపడి ఉన్నట్టు గుండె లోపాల విషయంలో కన్నా గట్టి ఆధారాలు ఉన్నాయి. ఈ మూడూ తరువాతి కాలంలో బిడ్డ గుండె మీద కూడా ప్రభావం చూపగలవు.

పొగ తగ్గితే ఫలితం ఎంత త్వరగా వస్తుందో చెప్పే ఒక ఉదాహరణ నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. అమెరికాలోని న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో టోల్‌గేట్ల దగ్గర వాహనాలు ఆగకుండా వెళ్లే ఏర్పాటు వచ్చాక, ఆ టోల్‌గేట్లకు రెండు కిలోమీటర్ల లోపు నివసించే తల్లుల్లో నెలలు నిండని కాన్పులు, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు నూటికి పది వంతులకు పైగా తగ్గారు. 2011లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మన కాజ టోల్‌ప్లాజా దగ్గర ఫాస్టాగ్ రాకముందు బారులు తీరిన లారీలను చూసినవారికి ఇది ఎందుకు జరిగిందో విడమరచి చెప్పనక్కరలేదు. ఆ తల్లులు మందులేమీ వాడలేదు, ఇల్లు మారలేదు. లారీ ఆగి ఇంజను కక్కే పొగ తగ్గింది, అంతే.

ఇప్పుడు మీ విషయం. ఉద్యోగం మానవద్దనే నా సలహా. జీతం పోతే పాలు, గుడ్లు, పండ్లు తగ్గుతాయి, పరీక్షలు వాయిదా పడతాయి. ఆ నష్టం పొగ వల్ల కలిగే నష్టం కన్నా తక్కువేమీ కాదు. దానికి బదులు, షాపు యజమానితో మాట్లాడి వెళ్లే వేళను, వచ్చే వేళను రద్దీకి గంట అటో ఇటో మార్చుకోండి. హైవేకి ఒకటి రెండు వీధులు లోపలి నుంచి దారి ఉంటే, నాలుగు నిమిషాలు ఎక్కువైనా ఆ దారినే వెళ్లండి. వాహనాల పొగ రోడ్డు అంచున ఉన్నంత చిక్కగా రెండు మూడు వందల మీటర్ల లోపలికి ఉండదు. సిగ్నల్ దగ్గర లారీ వెనకో, ఆటో పక్కనో ఆగకుండా వెనకే కొంచెం ఎడంగా ఆగండి. చున్నీ ముఖానికి చుట్టుకుంటే దుమ్ము ఆగుతుంది గాని ఈ సన్న రేణువులు ఆగవు. ఎన్95 మాస్కు ముక్కు దగ్గర, చెంపల దగ్గర సందు లేకుండా పెట్టుకుంటే చాలావరకు ఆగుతాయి. ఊపిరి ఆడనట్టు అనిపిస్తే ఆగి, తీసి, తేరుకున్నాక మళ్లీ పెట్టుకోండి.

పద్దెనిమిది నుంచి ఇరవై రెండు వారాల మధ్య, బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫ్ఫా స్కాన్ తప్పనిసరిగా చేయించుకోండి. పెద్ద గుండె లోపాల్లో చాలావాటిని అందులోనే అనుమానించవచ్చు. మీకు షుగర్ ఉన్నా, మీ ఇంట్లో ఎవరికైనా పుట్టుకతో గుండె జబ్బు ఉన్నా, మేనరికమైనా ఆ సంగతి మీ డాక్టరుకు ముందే చెప్పి కడుపులో బిడ్డ గుండెను మాత్రమే చూసే ఫీటల్ ఎకో స్కాన్ అవసరమేమో అడగండి. ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, డబ్బుకు ఇబ్బందైతే ఆ రోజు వెళ్లండి.

మీ ఉత్తరం చదివే కొత్త దంపతులకు ఒక మాట చేర్చాలి. నెల తప్పిందని తెలిసేసరికే ఆ చిన్న గుండె గొట్టం తయారవుతూ ఉంటుంది. కాబట్టి ఫోలిక్ యాసిడ్ మాత్రలు, షుగర్ అదుపు, ఇంట్లో పొగ మానడం, భర్త సిగరెట్ మానడం వంటివన్నీ బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే మొదలుకావాలి. రెండు గీతలు కనిపించాక మొదలుపెడితే గుండె విషయంలో సగం కాలం దాటిపోతుంది.

ప్రశ్న: అమ్మా, మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. మా అమ్మాయికి ఏడో నెల రాగానే పురిటికి తీసుకొచ్చాం. మాకు గ్యాసు ఉంది గాని స్నానానికి నీళ్లు మాత్రం పత్తి కట్టెతో పెరటి పొయ్యి మీదే కాస్తాను. సాయంత్రం దోమలకు కాయిల్, శుక్రవారం సాంబ్రాణి. కాన్పయ్యాక బాలింతకూ బిడ్డకూ తలంటు పోసి కుంపట్లో సాంబ్రాణి వేసి పొగ పట్టడం మా ఆనవాయితీ. మా అల్లుడు ఇవేమీ వద్దని పట్టుబడుతున్నాడు. నా నలుగురు పిల్లలకూ ఇలాగే చేశాను. ఎవరికీ గుండె జబ్బు రాలేదు. నిజంగా మానాలా?

జవాబు: అమ్మా, నలుగురిని పెంచిన చేతులు మీవి. మీ అనుభవాన్ని నేను కాదనడం లేదు. కాని ఈ విషయంలో మీ అల్లుడి మాటే సరైనదని చెప్పక తప్పదు.

నీళ్ల పొయ్యితో మొదలుపెడతాను. కట్టె పొగలో కూడా డీజిల్ పొగలో ఉన్న మసి రేణువులే ఉంటాయి. ఒక విషయం దాచకుండా చెప్పాలి. తమిళనాడుతో పాటు గ్వాటెమాల, పెరూ, రువాండాల్లో సుమారు 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద పరిశోధన జరిగింది. సగం మందికి గ్యాసు పొయ్యి ఇచ్చి, సగం మందిని కట్టెల పొయ్యితోనే ఉండనిచ్చారు. గ్యాసు వాడినవారు పీల్చిన పొగ బాగా తగ్గింది గాని, 2022లో ఫలితాలు చూస్తే పిల్లల పుట్టుక బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గర్భం వచ్చాక పొయ్యి మార్చడం ఆలస్యమైందని, లేదా చుట్టుపక్కల పొగ ఇంకా మిగిలే ఉందని అనుకోవచ్చు. కాబట్టి పొయ్యి మార్చగానే అంతా మంచే జరుగుతుందని నేను మీకు మాట ఇవ్వలేను. అయినా, పొగ తగ్గితే మీ అమ్మాయికి దగ్గు, కళ్ల మంట, ఆయాసం రాకుండా ఉంటాయి. మీ ఊపిరితిత్తులకూ మేలు. నీళ్లు గ్యాసు మీద కాచండి, లేదా హీటర్ వాడితే తడి చేతులతో ముట్టుకోకుండా జాగ్రత్త పడండి. కట్టెతోనే కాయాలంటే పెరట్లో, గాలి ఇంటి వైపు కాకుండా బయటికి వీచే చోట, అమ్మాయి దూరంగా ఉన్నప్పుడు కాయండి.

కాయిల్ గురించి చాలామందికి తెలియదు. చైనా, మలేషియా కాయిళ్లను పరీక్షించి 2003లో ప్రచురించిన పరిశోధనలో, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్న రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని రేణువులతో సమానమని తేలింది. తలుపులు వేసి పడుకునే గదిలో రాత్రంతా కాయిల్ వెలిగించడమంటే ఆ పొగను బిడ్డకు చేర్చడమే. అలాగని దోమలను వదిలేయకూడదు. గర్భిణికి డెంగీ, మలేరియా రెండూ ప్రమాదమే. దోమతెర కట్టండి. తెర అంచులు పరుపు కిందికి దోపండి. సాయంత్రం దోమలు వచ్చే వేళకు ముందే కిటికీలకు జాలీలు మూయండి. ఇవి మీరు చిన్నప్పుడు చూసిన పద్ధతులే.

కుంపటి అన్నింటికన్నా ప్రమాదకరం. బొగ్గు నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది. కడుపులో ఉన్న బిడ్డ రక్తం దాన్ని తల్లి రక్తం కన్నా గట్టిగా పట్టుకుంటుంది, వదలడానికి ఎక్కువ సమయం పడుతుంది. తల్లికి కాస్త తల తిరిగినట్టుగా ఉండి తేరుకున్నా, బిడ్డ అంత త్వరగా తేరుకోదు. చలికాలంలో తలుపులు బిగించి, మంచం కింద కుంపటి పెట్టిన గదుల్లో తల్లీబిడ్డలు స్పృహ తప్పిన సందర్భాలు ఉన్నాయి. కాన్పుకు ముందు గాని, తరువాత గాని, మూసిన గదిలో కుంపటి పెట్టవద్దు.

బిడ్డకు తలంటు పోయండి. మెత్తటి గుడ్డతో ఒళ్లంతా తుడిచి, తల పూర్తిగా ఆరేదాకా మీ ఒళ్లో పెట్టుకోండి. తల ఆరడానికే కదా సాంబ్రాణి పొగ పట్టేది. ఎండ వచ్చే వరండాలో పది నిమిషాలు కూర్చుంటే ఆ పని అయిపోతుంది. శుక్రవారం దేవుడి ముందు ఒక దీపం పెట్టండి. సాంబ్రాణి వేయాలనే ఉంటే గుమ్మం బయట వేయండి.

ప్రశ్న: కానూరులో అపార్టుమెంటులో ఉంటున్నాం. నా భార్యకు నాలుగో నెల. గాలి శుద్ధి చేసే యంత్రం కొంటే బిడ్డ గుండెకు మేలు జరుగుతుందా? ఫోన్‌లో గాలి నాణ్యత సూచీ 90 అని, సంతృప్తికరం అని చూపిస్తోంది. అంటే భయం లేనట్టేనా?

జవాబు: హెపా ఫిల్టరు ఉన్న యంత్రం మూసిన పడకగదిలో సన్న రేణువులను తగ్గిస్తుంది. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో గర్భిణుల ఇళ్లలో అలాంటి యంత్రాలు పెట్టి చూస్తే, నెలలు నిండి పుట్టిన పిల్లల బరువు కొంత పెరిగింది. గుండె లోపాలు తగ్గుతాయని మాత్రం ఎవరూ నిరూపించలేదు. నాలుగో నెలలో ఆ ఉద్దేశంతో కొనవలసిన పనిలేదు. డబ్బు ఇబ్బంది లేకపోతే పడకగదికి సరిపడేది కొనండి. ఇబ్బందైతే ఆ డబ్బును టిఫ్ఫా స్కాన్‌కు, మంచి తిండికి ఉంచండి. ఇంట్లో ఎవరూ సిగరెట్ తాగకుండా, అగరబత్తీలు కాల్చకుండా చూస్తే పైసా ఖర్చు లేకుండానే చాలా మేలు జరుగుతుంది.

సూచీ విషయానికి వస్తే, మన దేశపు లెక్కలో 100 అంటే ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల పీఎం 2.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఒక రోజుకు అది 15 దాటకూడదు. కాబట్టి మన ‘సంతృప్తికరం’ అన్న మాట ఆ కొలత ప్రకారం సంతృప్తికరం కాదు. దాన్ని పోల్చి చూసుకోవడానికే వాడండి: ఈ రోజు నిన్నటి కన్నా ఎక్కువగా ఉందా, ఉదయం కన్నా మధ్యాహ్నం తగ్గిందా అని. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తెల్లవారుజామున చల్లటి గాలి కింద నిలిచిపోయి పొగను పైకి పోనివ్వదు. బందరు కాలువ కట్ట మీద చీకటితో నడిచే అలవాటు ఉంటే, ఆ నెలల్లో ఎండ వచ్చాక నడవమనండి. భోగి నాడు మంటల దగ్గర, ముఖ్యంగా పాత టైర్లు వేసే మంటల దగ్గర, ఆమెను నిలబడనివ్వకండి. నిజానికి టైర్లు వేయకుండా మీ వీధివారికి నచ్చజెప్పగలిగితే ఆ వీధిలో ఉన్న గర్భిణులందరికీ మేలు చేసినవారవుతారు.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయికి ఏడేళ్లు. స్కూల్లో వైద్య శిబిరం పెట్టి, బీపీ కాస్త ఎక్కువగా ఉందని కాగితం ఇచ్చారు. ఇంత చిన్న వయసులో బీపీ ఏమిటి? వాడు కడుపులో ఉన్నప్పుడు మేము హైవే పక్కనే అద్దెకుండేవాళ్లం. దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: సంబంధం ఉండవచ్చునని చెప్పే అధ్యయనాలు ఉన్నాయి. బోస్టన్‌లో 1,293 మంది తల్లీబిడ్డలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భం చివరి మూడు నెలల్లో పీఎం 2.5 ఎక్కువగా ఉన్న గాలి పీల్చిన తల్లుల పిల్లలకు మూడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య బీపీ ఎక్కువగా ఉండే అవకాశం 61 శాతం పెరిగింది. అంతకు చాలా ముందే, 1989లో, ఇంగ్లండ్‌లో డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు తక్కువ బరువుతో పుట్టినవారిలో పెద్దయ్యాక గుండె జబ్బు మరణాలు ఎక్కువని చూపించారు. గుండె జబ్బుకు పునాది కడుపులోనే పడుతుందనే ఆలోచన అక్కడి నుంచి బలపడింది.

కాని మీ అబ్బాయి విషయంలో హైవే గురించి ఆలోచించే ముందు చేయవలసిన పని ఉంది. పిల్లల బీపీ ఒక్కసారి చూసి నిర్ణయించకూడదు. శిబిరంలో పిల్లవాడు పరుగెత్తుకొచ్చి ఉండవచ్చు, భయపడి ఉండవచ్చు, పెద్దల చేతికి చుట్టే పట్టీ వాడి ఉండవచ్చు. పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వాడి చేతికి సరిపోయే పట్టీతో, మూడు వేర్వేరు రోజుల్లో చూపించండి. మూడుసార్లూ ఎక్కువగా ఉంటే మూత్ర పరీక్ష, మూత్రపిండాల స్కాన్ అవసరమవుతాయి, ఎందుకంటే చిన్న పిల్లల్లో బీపీకి తరచు కారణం మూత్రపిండాల్లోనే ఉంటుంది. బరువు ఎక్కువగా ఉన్నా, చిప్స్ పొట్లాలు, రోజూ రెండు పూటలా ఆవకాయ ఉన్నా వాటిని తగ్గించండి. మూడేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ ఏడాదికోసారి బీపీ చూడాలి. మన ఊళ్లో పిల్లల ఓపీల్లో బరువు చూస్తారు, ఎత్తు చూస్తారు, బీపీ చూసేవారు తక్కువ. అడిగి చూపించుకోండి.

ప్రశ్న: డాక్టరమ్మా, మాది గుంటూరు. నా భార్య ఒక మిరపకాయల గోదాములో తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఏడో నెల దాకా వెళ్లింది. ఆరు వారాల టీకాకు వెళ్లినప్పుడు పాప గుండె చప్పుడులో తేడా ఉందన్నారు. ఎకో తీస్తే కింది గదుల మధ్య గోడకు మూడు మిల్లీమీటర్ల చిల్లు ఉందన్నారు. మాది మేనరికం కాదు. ‘మిరప ఘాటులో కూర్చుని బిడ్డకు చేటు తెచ్చావు’ అని మా అమ్మ ఒకసారి అంది. అప్పటి నుంచి నా భార్య పాలు పట్టేటప్పుడల్లా ఏడుస్తోంది. ఆమె పని వల్లే ఇలా జరిగిందా?

జవాబు: బాబూ, కాదు. ఈ మాట మొదట చెప్పి తరువాత కారణాలు చెబుతాను.

ఆ గోడ రెండో నెలలో మూసుకోవాలి. ఆ తరువాత ఐదు నెలలు ఆమె ఎక్కడ కూర్చుని పనిచేసినా ఆ చిల్లు అందువల్ల రాదు. ఆ రెండో నెలలోనైనా, మిరప దుమ్ము వల్ల వచ్చేవి తుమ్ములు, దగ్గు, గొంతు మంట, కొందరికి ఉబ్బసం. వాహనాల పొగకూ, బొగ్గు మసికీ ఉన్న అనుమానం దాని మీద లేదు. గుండె చిల్లులకు వైద్యశాస్త్రం గుర్తించిన కారణాలు వేరు: గర్భానికి ముందు నుంచే అదుపులో లేని షుగర్, మొదటి నెలల్లో వచ్చే రుబెల్లా, మూర్ఛకు వాడే కొన్ని మందులు, డౌన్ సిండ్రోమ్ వంటి జన్యు తేడాలు, దగ్గరి రక్తసంబంధపు పెళ్లిళ్లు. ఇవన్నీ వెతికినా ఎక్కువమంది పిల్లల్లో ఏ ఒక్క కారణమూ దొరకదు. కాలుష్యం పాత్ర గురించి పైన రాశాను. అది కొన్ని వేల మందిని కలిపి చూసినప్పుడు లెక్కలో తేలే విషయం. ఫలానా తల్లి ఫలానా రోజు పీల్చిన గాలి వల్ల ఫలానా బిడ్డకు చిల్లు పడిందని ఏ డాక్టరూ, ఏ యంత్రమూ చెప్పలేదు. ఆ పనికి వెళ్లకుండా ఉండే వెసులుబాటు ఉంటే ఏడో నెల నిండు కడుపుతో గోదాములో నేల మీద కూర్చుని ఏ ఆడపిల్లా తొడిమలు తీయదు. ఆ పని ఆమె మీ ఇంటి కోసమే చేసింది.

పాప సంగతి. పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో ఇదే ఎక్కువగా కనిపించేది. మూడు మిల్లీమీటర్లంటే సాధారణంగా చిన్నదే. గోడలో కండరం ఉన్న భాగంలో ఉండే ఇలాంటి చిన్న చిల్లుల్లో చాలావరకు మొదటి రెండేళ్లలో వాటంతట అవే మూసుకుపోతాయి. ఏ భాగంలో ఉందో ఎకో కాగితంలో రాసి ఉంటుంది, మీ డాక్టరును అడగండి. పాప పాలు తాగుతూ మధ్యలో ఆగి రొప్పుతున్నా, నుదుటి మీద చెమట పోస్తున్నా, నెల నెలా బరువు పెరగకపోయినా, మాటిమాటికీ నిమ్ము చేస్తున్నా వెంటనే చూపించాలి. పెదవులు, నాలుక నీలంగా మారితే ఒక్క గంట కూడా ఆగకండి. టీకాలు ఆపవద్దు. అవి ఈ పాపకు ఇంకా ముఖ్యం. ఒకవేళ తరువాత ఆపరేషన్ అవసరమైతే పిల్లల గుండె ఆపరేషన్లు ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలను పరీక్షించి పంపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కూడా ఉంది. మీ ఏఎన్ఎంకు ఈ ఎకో కాగితం చూపించి పాప పేరు రాయించుకోండి.

మీ అమ్మగారు బాధలో ఒక మాట అన్నారు. అది తప్పని మీరు ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా కొడుకు భార్యను వెనకేసుకొస్తున్నాడని అనుకోవచ్చు. కాబట్టి పాప తరువాతి పరీక్షకు మీ అమ్మగారినీ వెంట తీసుకెళ్లండి. మిరప ఘాటు వల్ల ఇలా అయిందా అన్న ప్రశ్నను డాక్టరును ఆవిడ చేతే అడిగించండి. డాక్టరు చెప్పే జవాబు మీ భార్య, మీ అమ్మగారు ఒకే గదిలో కూర్చుని వినాలి.